లారీ నుదుటి మీద పిల్లల పేర్లు

బెజవాడ చరిత్ర రాసినవాళ్ళు కృష్ణానది గురించి రాశారు. 1855లో పూర్తయిన ఆనకట్ట గురించి, కాలవల గురించి, కమ్యూనిస్టుల గురించి, పత్రికల గురించి, సినిమా పంపిణీదార్ల గురించి రాశారు. లారీ గురించి రాసినవాళ్ళు తక్కువ. లారీకి రంగు వేసినవాళ్ళ గురించి రాసినవాళ్ళు ఇంకా తక్కువ. ఆ రంగు వేసినవాళ్ళల్లో మేమున్నాం. బాడీ కట్టినవాళ్ళల్లో, రేకు కొట్టినవాళ్ళల్లో, సీట్లు కుట్టినవాళ్ళల్లో, స్టీరింగు పట్టినవాళ్ళల్లో ఉన్నాం. కాబట్టి ఈ చరిత్ర మేమే రాసుకోవాలి.

హైవే మీద ఎదురొచ్చే లారీని మీరు చూసే ఉంటారు. క్యాబిన్ పైన ముందువైపు వొక పలక ఉంటుంది. దాన్ని మేం నుదురంటాం. దాని మీద వెంకటేశ్వరస్వామో, శిలువో, 786 అంకో, పక్కన చంద్రవంకో. వాటి కింద పిల్లల పేర్లు. ఎవరి పిల్లలు? యజమాని పిల్లలు. లారీ మీద సంపాదించేది ఎవరి కోసమో ఆ పేర్లు ముందే చెప్పేస్తాయి. ఆ పేర్లు రాసిన చెయ్యి ఎవరిది? చాలాసార్లు వొక షేకుదో, సయ్యదుదో, నూర్‌బాషాదో. అతని సొంత కొడుకు అదే షెడ్డులో పక్క లారీకి ఉప్పుకాగితం రుద్దుతుంటాడు. ఆ కొడుకు పేరు ఏ లారీ మీదా ఉండదు, ఏ కాలేజీ రిజిస్టరులోనూ ఉండదు. ఏళ్ళ తరబడి ఆటోనగర్లో నడిచిన కథ ఇది.

ఈ ఊళ్ళో రెండు వ్యాపారాలు పక్కపక్కనే పెరిగాయి. వొకటి లారీలకు ఒళ్ళూ రంగూ ఇచ్చే ఆటోనగర్. రెండోది పిల్లల్ని ఇంజనీర్లనీ డాక్టర్లనీ చేస్తామనే కాలేజీలు. బయట ఊళ్ళ జనం విజయవాడకు బండి పని మీద వచ్చేవాళ్ళు, లేదా పిల్లవాణ్ణి హాస్టల్లో చేర్పించడానికి వచ్చేవాళ్ళు. మొదటి వ్యాపారంలో మా చెమట ఉంది. రెండోదాంట్లోకి వెళ్ళాలంటే మా దగ్గర డబ్బుండాలి. ఈ రెంటి మధ్య మా ఇళ్ళల్లో ప్రతి జూన్ నెలలోనూ వొక తగువు జరిగేది. చేతిలో ఉన్న నాలుగు రూపాయలు బండికా, బిడ్డకా?

ముందు చేతుల సంగతి చెప్పుకోవాలి.

మా వాళ్ళకీ బండికీ సంబంధం లారీతో మొదలవలేదు. బందరు రేవు నుంచి గోల్కొండకు సరుకు నడిచిన బాట మీద ఉన్న ఊరు బెజవాడ. రైలొచ్చాక స్టేషను బయట జట్కాలు తోలింది సాయిబులు. జట్కాకు చెక్క గూడు, దానికి రంగు, గుర్రానికి కుచ్చులు, గంటలు. బండి అందంగా ఉంటే బేరం ముందు దొరుకుతుందని జట్కావాలాకు ఎవరూ నేర్పక్కర్లేదు. పీర్ల పండక్కి తాజియాలు కట్టి రంగుకాగితాలు కత్తిరించి అతికించిన వేళ్ళు కూడా మా వాళ్ళవే. ఆ పండక్కి డెల్టా పల్లెల్లో హిందువులూ వచ్చి పీర్లను మొక్కేవాళ్ళు, ఇప్పటికీ మొక్కేవాళ్ళున్నారు. లారీ నుదుటి మీద జరీ అంచు లాంటి గీత గీసే పనితనం ఫైన్ ఆర్ట్స్ కాలేజీ నుంచి రాలేదు.

దూదేకుల వాళ్ళ సంగతి ఇంకా విచిత్రం. దూది ఏకే విల్లును ఉర్దూలో కమాన్ అంటారు. లారీ కింద బరువు మోసే ఇనప పట్టీల కట్టను కూడా మెకానిక్కులు కమాన్ అనే అంటారు. ఫారసీలో విల్లుకున్న పేరది. తెలుగు డ్రైవరు, తమిళ డ్రైవరు, పంజాబీ డ్రైవరు అందరూ ‘కమాన్ పట్టీ విరిగింది’ అనే చెప్తారు. విల్లుతో దూది ఏకి పరుపులు కుట్టిన కుటుంబాల్లో కొందరు మిల్లు పరుపులొచ్చాక రెక్సిను సీట్లు కుట్టడానికి వచ్చారు. పని మారింది, మాట మిగిలింది. మా భాషను పరాయి భాషన్న పెద్దమనుషులు వాళ్ళ లారీ చెడిపోయినప్పుడు మా మాటలతోనే రిపేరు చేయించుకున్నారు. పానా అన్నా అంతే, ఉస్తాద్ అన్నా అంతే.

1954లో టాటా వాళ్ళు జర్మనీ బెంజ్ కంపెనీతో కలిసి లారీలు చెయ్యడం మొదలుపెట్టారు. 1955లో మద్రాసులోని అశోక్ మోటార్స్ అశోక్ లేలాండ్ అయింది. 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చి, దాని మీద రోడ్డు పడింది. కలకత్తా నుంచి మద్రాసుకు, హైదరాబాదు నుంచి బందరుకు పోయే రోడ్లు ఇక్కడే కలుస్తాయి. బెంజి సర్కిల్ అనే పేరు కూడా ఆ బెంజ్ లారీల డీలరు నుంచే వచ్చిందని ఊళ్ళో చెప్పుకుంటారు. జర్మను కారు పేరు అనుకుని మురిసిపోయేవాళ్ళకు ఈ సంగతి తెలిస్తే మంచిది. ఊరి నడుమ రోడ్ల పక్కన చెట్ల కింద సాగే మరమ్మతు పనులు 1960ల తర్వాత పటమట పక్కన జవహర్ ఆటోనగర్‌కు చేరాయి. ఆసియాలోనే పెద్ద ఆటోనగర్లలో వొకటని దానికి పేరొచ్చింది. డెల్టా బియ్యం, నూజివీడు మామిడి, ఉయ్యూరు చక్కెర, కైకలూరు నుంచి బెంగాల్ దాకా పోయే ఐసు చేపలు, అన్నిటికీ లారీ కావాలి. లారీకి ఆటోనగర్ కావాలి.

కంపెనీ నుంచి వచ్చేది లారీ కాదు, ఛాసీ. ఇంజను, చక్రాలు, స్టీరింగు, ముందు మూతి రేకు, అంతే. తలుపుల్లేవు, కప్పు లేదు, వెనక తొట్టి లేదు. డ్రైవరు వొక చెక్క మీద కూర్చుని తలకు తువ్వాలు చుట్టుకుని జంషెడ్‌పూర్ నుంచో, పుణే నుంచో, ఎన్నూరు నుంచో ఎండలో వానలో తోలుకొచ్చేవాడు. దాన్ని షెడ్డులో పెట్టాక మూడు నాలుగు వారాల పని. వడ్రంగి చెక్క చట్రం నిలబెడతాడు. టింకరు రేకు కొట్టి తొడుగుతాడు. వెల్డరు, కమ్మరి, వైరింగు మనిషి, సీట్ల మనిషి. అందరి తర్వాత పెయింటరు. ముందు తుప్పు పట్టకుండా ప్రైమరు, గుంటలు పూడ్చే పుట్టీ, దాని మీద ఉప్పుకాగితం, మళ్ళీ పుట్టీ, మళ్ళీ రుద్దుడు, అప్పుడు రంగు. రుద్దేది కుర్రాళ్ళు. నీళ్ళు పోసి రుద్దీ రుద్దీ వేళ్ళ చివర చర్మం పోతుంది. చివరికి బొమ్మలూ అక్షరాలూ వేసే ఉస్తాద్ వస్తాడు. నెమలి, తామర, గద్ద, ఆవూ దూడా, కొబ్బరిచెట్ల మధ్య గుడిసె, వెనక తలుపు మీద ‘నన్ను చూసి ఏడవకురా’. క్యాబిన్ మూలలకు నల్ల సవరాలు, కింద పాత చెప్పు, ముందు నిమ్మకాయా మిరపకాయలూ యజమాని సంగతి. అవి మా ఖాతాలో లేవు.

మసీదులో పెద్దలకు ఈ బొమ్మల పని ఇష్టముండేది కాదు. ప్రాణమున్నవాటి తస్వీరు గీయకూడదనే మాట చెప్పేవాళ్ళు. ఉస్తాద్ తల వంచుకుని వినేవాడు. మర్నాడు వెళ్ళి కనకదుర్గమ్మకు ముక్కుపుడక దిద్దేవాడు. రోజీ అది. బొమ్మ చూసి యజమాని దణ్ణం పెట్టుకునేవాడు. గీసినవాణ్ణి మాత్రం ‘ఏయ్ సాయిబూ’ అని పిలిచేవాడు. ఇరవయ్యేళ్ళు తన బళ్ళకు రంగేసిన మనిషి పేరు తెలియని యజమానులున్నారు.

ఇంత రంగు దేనికి, అనవసరపు ఖర్చు కాదా అని చదువుకున్నవాళ్ళు అడుగుతారు. మాలోనూ అడిగేవాళ్ళున్నారు. వాళ్ళు దాన్ని ఇస్రాఫ్ అంటారు, దుబారా. ఈ మాట లారీ కింద పడుకుని చూడనివాళ్ళదని మా అభిప్రాయం. లారీ ఖర్చులో అవసరమేదో శృంగారమేదో గీత గీయడం అంత సులువు కాదు. చేపల లారీలో ఐసు కరిగిన ఉప్పునీళ్ళు రోజంతా కారతాయి. రంగు లేకపోతే రేకు తుప్పు పట్టి, చెక్క కుళ్ళిపోతుంది. ఏటా ఎఫ్.సి.కి తీసుకెళ్తే బ్రేక్ ఇన్‌స్పెక్టరు ముందు పాత రంగు చూసి మొహం చిట్లిస్తాడు. బుకింగ్ ఆఫీసువాడు తెలియని బండికి సరుకు ఎక్కించాలంటే బండి వాలకం చూస్తాడు. వాలకం బాగుంటే యజమాని వాయిదాలు సరిగ్గా కడుతున్నాడని అర్థం. అమ్మబోతే రంగున్న బండికి బేరం వస్తుంది. నెలల తరబడి ఇల్లు మొహం చూడని డ్రైవరుకు ఆ క్యాబినే ఇల్లు. ఇంటికి సున్నం వేసుకుంటే ఎవరూ దుబారా అనరు గదా!

అయితే కుచ్చులు, ఇత్తడి హారన్లు, రెండో వరస లైట్లు, పూల దండలు, రెక్సిను మీద బొత్తాల డిజైను? అవి లేకపోయినా లారీ నడుస్తుంది. గీత ఎక్కడ పడాలన్నదే ఇంట్లో తగువు.

పది లారీలున్న ఆసామికి ఈ తగువు లేదు. అతనికి రెండు జేబులు. వొక్క లారీ ఉన్న మా డ్రైవరు-యజమానికి వొకటే జేబు. పాత బండి కొని ఆటోనగర్లో బాగు చేయించి, ఫైనాన్సు వాయిదా మీద తోలుకునేవాళ్ళు మాలో చాలామంది. వాళ్ళు చేసే సర్దుబాట్లు షెడ్డుల్లో మేం చూసినవి చెప్తాం. ఈ ఏడు రంగు మాత్రమే, బొమ్మలు వచ్చే ఏడు. ముందు మూతికి కొత్త రంగు, పక్క పలకలకు పాత రంగు మీదే పాలిష్. సీటు మార్చకుండా కవరు మాత్రం. హారను సెకండ్‌హ్యాండు. ఉస్తాద్‌తో ‘భాయ్, పిల్లోడి ఇంటర్ ఫీజు కట్టాలి, నీకు దసరా తర్వాత ఇస్తా’ అనే మాట. ఉస్తాద్ కాదనడు. ఆ మాట వినడానికి అతని ఇంట్లో కూడా ఇంటర్ పిల్ల ఉంటుంది. ఇట్లా వొక సాయిబు ఫీజు ఇంకో సాయిబు కూలి మీద వాయిదా పడేది. బ్యాంకు లేని చోట మా అప్పులు ఇట్లాగే నడిచాయి.

దసరా తర్వాత అన్న మాటలోనే అసలు చిక్కంతా ఉంది. లారీల రంగు పనికి కాలం ఉంది. ఎనామిల్ రంగు ఆరాలంటే ఎండ కావాలి. మృగశిర దాటి వానలు పడితే గాల్లో తేమకు రంగు మీద తెల్లటి మచ్చ కమ్ముతుంది. షెడ్లు మందగిస్తాయి. దసరాకు బళ్ళకు పూజ చేస్తారు గనక దాని ముందు నెల ఊపిరాడని పని. సంక్రాంతి ముందు మరికొంత. కాలేజీ ఫీజు మాత్రం జూన్, జూలై నెలల్లో కట్టాలి. పెయింటరు చేతిలో డబ్బు లేని రోజుల్లో కాలేజీ గేటు తెరుస్తుంది. చేతిలో డబ్బు పడే రోజుకు సీట్లు నిండి ఉంటాయి. రైతుకు కూడా జూన్‌లో డబ్బుండదు, నిజమే. కానీ రైతుకు భూమి చూసి అప్పిచ్చేవాడుంటాడు. బ్రష్షు చూసి ఎవరిస్తారు?

మరి ఏడాదంతా కొంచెం కొంచెం దాచుకోవచ్చు గదా అంటారు. దాచుకున్నాం. మా ఆడవాళ్ళు దాచారు. వడ్డీ హరామనే భయంతో బ్యాంకు గుమ్మం తొక్కని ఇళ్ళు చాలా ఉన్నాయి. తొక్కినా పుస్తకంలో పడిన వడ్డీని వేరుగా తీసి దానం చేసేవాళ్ళున్నారు. పాటలో తగ్గించుకునే చీటీలో కూడా వడ్డీ వాసన ఉందని పాట లేని చీటీలు నడిపారు. నెలకింతని వేసి, పేర్లు చిట్టీలు రాసి, వొక పిల్ల చేత తీయించడం. ఎవరి పేరొస్తే ఆ నెల డబ్బు వాళ్ళది. పాపం, జనవరిలో పేరొచ్చినవాళ్ళ డబ్బు జూన్ దాకా ఆగుతుందా? ఈలోగా లారీ టైరు పేలుతుంది. టైరు పేలితే బండి ఆగుతుంది, బండి ఆగితే ఇల్లు ఆగుతుంది. చదువు వొక ఏడాది ఆగితే ఆ పూట ఎవరికీ ఆకలి వెయ్యదు. తగువులో బండి గెలిచేది ఇందుకే. మా వాళ్ళకు తాలీమ్ విలువ తెలియక కాదు.

పెయింటరు ఇంట్లో ఇంకో లెక్క ఉండేది. కొడుకును పదేళ్ళకో పన్నెండేళ్ళకో షాగిర్దుగా పెడితే మొదట జీతం ఉండదు, టీ ఖర్చు, పండక్కి బట్టలు. నాలుగేళ్ళకు రుద్దుడు వస్తుంది, ఆరేళ్ళకు గీత వస్తుంది, పదేళ్ళకు అక్షరం వస్తుంది. హునర్ చేతిలో ఉంటే ఆకలి చావు లేదనే మాట మా ఇళ్ళల్లో ఖురాను తర్వాత ఖురాను లాగా చెప్పేవాళ్ళు. కాలేజీకి పోతే పదేళ్ళ తర్వాత ఏమవుతాడో తెలియదు. అప్పటికి మా వాడల్లో డిగ్రీ చదివి ఉద్యోగమొచ్చినవాణ్ణి చూపించమంటే వేళ్ళ మీద లెక్కపెట్టేవాళ్ళు. ఉస్తాద్‌ను చూపించమంటే వీధికొకడు. కళ్ళ ముందున్నదాన్ని నమ్మారు. కొడుకు వయసే వాళ్ళు దాచుకున్న సొమ్ము.

ఈ లెక్కలో వొక సంగతి బయటివాళ్ళు గమనించరు. మేం చూసిన ఇళ్ళల్లో కొడుకు కంటే కూతురు ఎక్కువ చదివింది. కొడుకు చేతికి ఆటోనగర్లో గిరాకీ ఉంది గనక అతను ఏడో తరగతిలో ఆగాడు. కూతురికి షెడ్డులో పని లేదు గనక ఆమె పదో తరగతి దాటింది, ఇంటర్ దాకా వెళ్ళింది. ఆ తర్వాత పెళ్ళి ఖర్చు అడ్డమొచ్చింది, అది వేరే వ్యాసం. అన్న రుద్దిన ఉప్పుకాగితం డబ్బుతో చెల్లెలు చదివిందన్నది మాత్రం రాసి పెట్టాలి. ముస్లిం ఆడపిల్లను ఇంట్లో బంధించారని ఉపన్యాసాలిచ్చేవాళ్ళు ఈ అన్నల్ని వొకసారి చూడాలి.

ఇక రెండో వ్యాపారం. 1953లో ఆంధ్రా లయోలా కాలేజీ మొదలైంది. 1975లో సిద్ధార్థ అకాడమీ పుట్టింది. 1977లో దాని వెలగపూడి రామకృష్ణ సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది, రాష్ట్రంలో మొదటి ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ. ఉయ్యూరులో చక్కెర ఫ్యాక్టరీ ఉన్న కె.సి.పి. సంస్థను స్థాపించిన మనిషి పేరు అది. ఆనకట్ట నీళ్ళతో పండిన పంట మిగులు లారీల్లోకి, సినిమాహాళ్ళలోకి, ఫైనాన్సు కంపెనీల్లోకి, కాలేజీల్లోకి వచ్చింది. కోస్తా రైతు పెట్టుబడిదారుడైన తీరును కేరల్ ఉపాధ్య 1988లో పరిశోధించి రాశారు. ఆ తీరును మేం తప్పుపట్టడం లేదు. డబ్బున్న కులాలు తమ పిల్లల కోసం కాలేజీలు కట్టుకున్నాయి, తెలివైన పని చేశాయి. కర్నూల్లో డాక్టర్ అబ్దుల్ హఖ్ 1947లో ఉస్మానియా కాలేజీ పెట్టినట్టు బెజవాడలో మాకెవరూ పెట్టలేదు. మా దగ్గర భూమి మిగులు లేదు, కూలి మిగులు మాత్రమే ఉంది. ఆ కూలి ఎవరి లారీల మీద పడిందో ఆ లారీల రాబడి ఎవరి పిల్లల్ని ఇంజనీర్లను చేసిందో విడమరిచి చెప్పక్కర్లేదు.

ఈ కాలంలోనే క్యాపిటేషన్ ఫీజు అనే మాట తెలుగు ఇళ్ళల్లో మామూలు మాటయింది. 1983లో రాష్ట్రం దాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు సీట్లను ఫ్రీ సీట్లు, పేమెంట్ సీట్లు అని విడదీసింది. పేమెంట్ సీటు అంటే ఏమిటో ఆటోనగర్లో ఎవరికీ వివరించక్కర్లేదు, అక్కడ ప్రతి బోల్టూ పేమెంటే. ఫ్రీ సీటు రావాలంటే ర్యాంకు రావాలి. ర్యాంకు రావాలంటే కోచింగు. కోచింగుకు మళ్ళీ ఫీజు. లారీ పాలిష్ వాయిదా వేస్తే కోచింగు ఫీజు వస్తుంది, సీట్లు మార్చకపోతే హాస్టలు ఫీజు వస్తుంది. రెండూ కావాలంటే బండి అమ్మాలి. అమ్మినవాళ్ళున్నారు. కొడుకు మొదటి ఏడాది తప్పితే అటు బండీ లేక, ఇటు డిగ్రీ లేక మళ్ళీ వేరేవాళ్ళ లారీ మీద డ్రైవరుగా ఎక్కినవాళ్ళూ ఉన్నారు. గల్ఫుకు పోయి అరబ్బుల ట్రక్కులు తోలి ఫీజు పంపినవాళ్ళున్నారు.

సచార్ కమిటీ 2006 నవంబరులో ఇచ్చిన నివేదికలో మా ఇళ్ళ లెక్క దేశం లెక్కగా కనబడింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ ముస్లిం పిల్లల్లో 25 శాతం అసలు బడికి పోనివాళ్ళో, మధ్యలో మానేసినవాళ్ళో. ఇరవయ్యేళ్ళు దాటిన ముస్లింలలో డిగ్రీ గానీ డిప్లొమా గానీ ఉన్నవాళ్ళు 4 శాతం లోపు. దేశం మొత్తం మీద ఆ వయసువాళ్ళలో సుమారు 7 శాతం. మా వాళ్ళు ఎక్కువగా సొంత పనుల మీద బతుకుతున్నారనీ, రోడ్డు రవాణా, మోటారు మరమ్మతు లాంటి వాటిలో గుమికూడారనీ కూడా అందులో ఉంది. ఆటోనగర్ పేరు లేదు గానీ ఆటోనగర్ బొమ్మ ఉంది.

దూదేకులవాళ్ళకు 1970 నుంచే బి.సి. జాబితాలో చోటుంది. మిగిలిన పేద ముస్లింలకు 2004లో 5 శాతం అన్నారు, కోర్టు కొట్టేసింది. 2005లో చట్టం చేశారు, కోర్టు కొట్టేసింది. 2007లో పి.ఎస్. కృష్ణన్ నివేదిక ఆధారంగా వెనకబడిన ముస్లిం తెగలకు బి.సి.-ఇ పేరుతో 4 శాతం ఇచ్చారు. హైకోర్టు దాన్నీ కాదంటే 2010 మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలబెట్టింది. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్ పెట్టింది. ఈ రెండూ కలిసిన ఏళ్ళల్లో మా వాడల్లో మొదటిసారి వొక వింత జరిగింది. జూన్ నెల తగువు తగ్గింది. పెయింటరు కొడుకు బి.టెక్. అనే మాట పెళ్ళి సంబంధాల్లో వినబడింది. తర్వాత రీయింబర్స్‌మెంటుకు పరిమితులొచ్చాయి, బకాయిలొచ్చాయి, సర్టిఫికెట్లు ఆపేసిన కాలేజీలున్నాయి. అయినా వొక తలుపు తెరుచుకుంది. ఓట్ల కోసం బుజ్జగింపు అని దాన్ని ఎగతాళి చేసినవాళ్ళు వొక్కరోజు నీళ్ళలో ఉప్పుకాగితం రుద్దిన వేళ్ళతో పరీక్ష రాసి చూడాలి.

ఇటు తలుపు తెరుచుకుంటున్న కాలంలోనే అటు షెడ్డు మూతబడుతూ వచ్చింది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళి నేషనల్ పర్మిట్ లారీకి ఎండుటాకు రంగు, తెల్ల అంచు అని నిర్ణయించింది. అప్పుడు పెద్దగా నష్టం లేదు, ఒంటికి ఎండుటాకు రంగు వేసి నుదుటి మీద, తలుపు మీద మా పని మేం చేసుకున్నాం. తర్వాత కంపెనీలు క్యాబిన్ కట్టే పంపసాగాయి. క్యాబిన్‌తో పాటు వడ్రంగి, టింకరు, సీట్ల మనిషి పని ఫ్యాక్టరీకి పోయింది. బాడీకి ఎ.ఐ.ఎస్.-093 అనే ప్రమాణం వచ్చింది, ఆమోదం లేని షెడ్డు కట్టకూడదు. 2019 సవరణలో అనుమతి లేని మార్పుకు మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు అన్నారు. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే పెద్ద లారీల క్యాబిన్లకు ఏ.సి. ఉండాలన్నారు. ఇందులో మంచి ఉంది. చెక్క క్యాబిన్‌లో గుద్దుకుని చనిపోయిన డ్రైవర్లు మా బస్తీలవాళ్ళే, ఇంజను వేడికి కాళ్ళు కాలినవాళ్ళు మా అన్నదమ్ములే. భద్రత వద్దని ఎవరూ అనరు. పని పోయినవాడి చేతికి ఏమిస్తారన్న ప్రశ్న మాత్రం ఏ నియమావళిలోనూ లేదు.

కొండపల్లి బొమ్మకు, బందరు కలంకారీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. లారీ బొమ్మ కళ అని మన దగ్గర ఎవరికి తోచింది? పాకిస్తాన్‌లో తోచింది. ఈ పేరు ఎత్తగానే కొందరు కనుబొమ్మలు ఎగరేస్తారని తెలుసు. ముస్లిం రచయిత పాకిస్తాన్ అంటే క్రికెట్ గురించే అనుకుంటారు. సంగతేమిటంటే, 2002లో వాషింగ్టన్లో స్మిత్సోనియన్ సంస్థ జరిపిన జానపద ఉత్సవానికి కరాచీ నుంచి హైదర్ అలీ అనే లారీ పెయింటరును పిలిచారు. జనం చూస్తుండగా వొక ట్రక్కుకు రంగులేయించారు. ఆ ఏడే గుజరాత్‌లో మా వాళ్ళ లారీలు, దుకాణాలు తగలబడ్డాయి. అక్కడి ఉస్తాద్‌కు విమానం టిక్కెట్టు దొరికింది. ఇక్కడి ఉస్తాద్ ఎండుటాకు రంగు కలుపుతూ ఉండిపోయాడు. పాకిస్తాన్ గొప్పదనడానికి చెప్పడం లేదు. కళ వొకటే అయినా దాన్ని కళ అని పిలిచేవాడు పక్కన ఉండాలి.

ఇప్పుడు ఆటోనగర్లో పేర్లు రాయడానికి ఎక్కువగా స్టిక్కర్లు కోసే మిషన్లున్నాయి. యజమాని వచ్చి పిల్లల పేర్లు చెప్తాడు. కంప్యూటరు ముందున్న కుర్రాడు కీబోర్డు మీద కొడతాడు, రేడియం కాగితం మీద మిషను కోస్తుంది, పావుగంటలో లారీ నుదురు తయారు. అట్లాంటి వొక దుకాణంలో కూర్చున్న కుర్రాడు బి.సి.-ఇ కోటాలో బి.టెక్. చేసినవాడు. చదువు ఫీజుకు వాళ్ళ అబ్బా బ్రష్షు డబ్బు కొంత, రీయింబర్స్‌మెంటు కొంత. క్యాంపస్‌లో ఉద్యోగం రాలేదు. మిషను కొనడానికి అప్పు చేశారు. అతనికి వొక కూతురు, బళ్ళో వేశాడు. తెలుగు ఫాంట్లలో జంటాక్షరాలు వొక్కోసారి విరుగుతాయి. ‘లక్ష్మి’ కింద మ ఒత్తు జారిపోతుంది. యజమాని ఒప్పుకోడు. అప్పుడు కుర్రాడు ‘అబ్బా’ అని లోపలికి కేకేస్తాడు. పెద్దాయన లేచి వచ్చి, కళ్ళజోడు సవరించుకుని, తెల్ల ఎనామిల్‌లో సన్న బ్రష్షు ముంచి ఆ ఒత్తును చేత్తో పెడతాడు. ఆరడానికి ఎండలో పెట్టమని చెప్పి మళ్ళీ లోపలికి వెళ్తాడు.